సిగరెట్టు తాగని ఇంట్లో పొగ

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఉక్కు పనికి ఇటు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపువారు చాలామంది. నా దగ్గరకు వైద్యానికి వచ్చే పసిపిల్లల్లో వాళ్ల మనవలూ ఉంటారు.

ఒక చలికాలం, నాలుగు నెలల మనవణ్ణి అమ్మమ్మ ఎత్తుకొచ్చింది. పిల్లికూతలు, డొక్కలు ఎగరేస్తున్నాడు, పాలు తాగడం లేదు. ఆ నెలలో అది రెండోసారి.

"ఇంట్లో సిగరెట్టు ఎవరైనా తాగుతారా అమ్మా?"

"మా ఇంట ఎవులూ తాగరు బాబూ."

సిగరెట్టు వరకు ఆమె చెప్పింది నిజమే. అప్పుడు, పొగ పీల్చే మట్టిగొట్టం చిలుం సంగతి అడిగాను. "అల్లుడు డ్యూటీ దిగొచ్చి రెండు దమ్ములు లాగుతాడు. గంజాయే కదా బాబూ, అదీ బిడ్డ పడుకున్నాకే." ఆ ఇంటికి ఉన్నది ఒక్క గది. చలికి తలుపులు మూసే ఉంటాయి.

ఏ ఆకు కాల్చినా తారు, కార్బన్ మోనాక్సైడు వస్తాయి. పైగా చిలుంలో చాలామంది పొగాకు కలుపుతారు. మనం నిమిషానికి పదిహేనుసార్లు ఊపిరి తీస్తే, ఆ వయసు బిడ్డ ముప్పై నలభైసార్లు తీస్తాడు. గాలిగొట్టాలు సన్నం. కాస్త వాచినా ఊపిరాడదు. మత్తు పదార్థమూ లోపలికి పోతుంది. అమెరికాలోని కొలరాడోలో సన్నని గాలిగొట్టాలు వాచే బ్రాంకియోలైటిస్‌తో ఆసుపత్రిలో చేరిన 43 మంది చిన్నపిల్లల మూత్రం పరీక్షిస్తే, 16 శాతం మందిలో గంజాయి జాడ దొరికిందని 2017లో ఒక అధ్యయనం వచ్చింది. అయినా బిడ్డ మగతగా ఉంటే గంజాయేనని తేల్చేయకూడదు. ముందు రక్తంలో చక్కెర, ఇన్‌ఫెక్షన్ చూడాలి.

మత్తు పదార్థాల వాడకంపై ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం గంజాయి, భంగు వాడకం దేశ సగటు కంటే ఎక్కువున్న రాష్ట్రాల్లో ఛత్తీస్‌గఢ్ ఉంది. అయినా ఆసుపత్రిలో ఎవరూ తమంతట తాము ఈ మాట ఎత్తరు. 1985 మత్తు పదార్థాల చట్టం కింద గంజాయి తాగడం నేరం, పోలీసులకు చెబుతామేమోనని భయం. అందుకే నేను గదమాయించను. మర్నాడు అల్లుణ్ణి పిలిపించి, బిడ్డ ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి కూతలు అతని చెవికే వినిపించాను.

"బయట తాగితే సరిపోద్దా సార్?" అన్నాడు.

"చాలదు. చొక్కాకు, జుట్టుకు అంటిన పొగ బిడ్డను ఎత్తుకున్నప్పుడు వాడి ముక్కుకే తగులుతుంది. మానేయడమే మందు" అన్నాను.

తోటి డాక్టర్లకు నా విన్నపం ఒక్కటే. పసిబిడ్డకు మాటిమాటికీ ఆయాసం వస్తుంటే సిగరెట్టు దగ్గరే ఆగిపోకండి. బీడీ, చిలుం, గంజాయి అని పేరు పెట్టి, మెల్లగా, తీర్పు చెప్పకుండా అడగండి. మానాలనుకునే తండ్రికి 14446 నంబరు రాసివ్వండి. అది ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్, ఫోను ఉచితం.