నాలుగు తీగల గిటారు, అమ్మ పాటల నోటుబుక్కు

పోయిన కూటంలో "అరవై దాటినాక నీకు గిటారెందుకప్పా?" అని ఒకరు అడిగితే నవ్వి ఊరుకున్నాను. జవాబు ఇప్పుడు రాస్తా ఉన్నాను. కొంచెం పొడుగు, కాఫీ తాగుతా చదవండి. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రైల్వేలో రిటైరయినాక నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకోండి.

గిటారు నాది కాదు. మా అబ్బాయి కాలేజీలో కొన్నది. ఉద్యోగం వచ్చి బెంగళూరు పోతా బీరువా మీద వదిలేసి పోయినాడు. బేస్ గిటారు అంటారు, నాలుగే తీగలు. పాటకు ఇది పునాది మాదిరి. ఉన్నప్పుడు ఎవరికీ వినబడదు, తీసేస్తే పాట డొల్లగా ఉంటుంది. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ఫ్రెట్లు పెట్టిన బేస్ అమ్మకానికి తెచ్చినాడు. ఫ్రెట్లంటే వీణకు మెట్లున్నట్టే. వేలు సరిగ్గా మెట్టులో పడితే స్వరం తప్పదు. అందుకే దానికి 'ప్రెసిషన్' అని పేరు. మామూలు గిటారులో తీగ పొడుగు ఇరవై అయిదు అంగుళాల చిల్లర అయితే దీంట్లో 34 అంగుళాలు. మొదటి వారం నా చిటికెన వేలు మూడో మెట్టుకు కూడా అందలేదు. బొబ్బలెక్కిన వేళ్లు చూసి మా ఇంటామె "టికెట్లు కొట్టిన చేతికి ఇదేం ఖర్మ" అనింది.

నాకు సంగీతం చదవడం రాదు. ఇంగ్లీషు వాళ్ల స్వరాల గీతలూ రావు, మన సరిగమలూ రావు. అప్పుడు అబ్బాయి ఫోన్లో టాబ్ అని ఒకటి పంపించినాడు. నాలుగు గీతలు, వాటి మీద అంకెలు, అంతే. ఒక్కో గీత ఒక్కో తీగ. అంకె అంటే ఎన్నో మెట్టులో వేలు పెట్టాలో. సున్నా అంటే వేలు పెట్టకుండా వట్టి తీగ మీటడం. కింది గీత లావు తీగ. కానీ గిటారు ఒళ్లో పెట్టుకుంటే లావు తీగ పైన ఉంటుంది! ఈ తలకిందుల లెక్క అర్థం కాక రెండు రోజులు వాయించిందంతా వేరే పాట. ఇది కొత్త పద్ధతేమీ కాదు. ఇటలీలో పెత్రూచీ అనే ఆయన 1507లోనే ల్యూట్ వాద్యానికి ఇట్లాంటి టాబ్ అచ్చు వేసినాడు.

మొదట పట్టింది యూటూ బృందం 1987లో చేసిన 'విత్ ఆర్ వితౌట్ యూ'. పాటంతా నాలుగే స్వరాలు తిరిగి తిరిగి వస్తాయి, ఒక్కోటి ఎనిమిదిసార్లు. అయిదు, మళ్లీ అయిదు (వేరే తీగ మీద), ఏడు, మూడు. నా మాదిరి వాడికి దేవుడిచ్చిన పాట. రెండోది క్వీన్ వాళ్లది, 1980లో వచ్చిన 'అనదర్ వన్ బైట్స్ ద డస్ట్'. అసలు గొడవ అక్కడ మొదలయింది.

మా మనవరాలు ఎనిమిదో తరగతి, ధర్మపురిలో తమిళ మీడియమే. సెలవులకు వచ్చి "నేనూ వాయిస్తా తాతా" అని టాబ్ చూసి మీటింది. సున్నా, సున్నా, సున్నా. వేళ్లన్నీ సరిగానే పడినాయి. పాట మాత్రం రాలేదు. ఎందుకంటే ఆ మూడు మీట్ల తరువాత ఒక ఖాళీ ఉంది, ఆ ఖాళీలోనే పాట ఉంది. పాప ఆ పాట ఎప్పుడూ వినలేదు. ఆ టాబులో ఏ మెట్టో ఉంది గాని, ఎంతసేపో లేదు. రైల్వే భాషలో చెప్పాలంటే స్టేషన్ల పేర్లున్నాయి, టైములు లేవు. ఆ లైన్లో పోయి వచ్చినోడికి అది చాలు. కొత్తోడు ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోతాడు.

ఆ సాయంత్రమే పాప బీరువాలో నుంచి ఇంకొకటి తీసింది, నా పాత నోటుబుక్కు. మా అమ్మకు చదువు రాదు. పెండ్లిండ్లలో, తిరగలి దగ్గర పాడిన పాటలను నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో రాసి పెట్టినాను. నాకు అప్పుడు తెలిసిన అక్షరాల్లోనే, తమిళ లిపిలో తెలుగు పాటలు. పాప పైకి చదివి పకపకా నవ్వింది. "తాతా, పెండ్లికూతురు నీళ్లకు 'పావి' దగ్గరికి పోయిందంట! పాపిష్టోడి దగ్గర నీళ్లేంటి?"

నేను రాసింది బావి. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం. మొదట్లో వస్తే 'ప' అనే పలుకుతారు. 'పావి' అంటే అరవంలో పాపి. అట్లే గంప 'కంబ' అయింది, గడప 'కడబ' అయింది. నేను చదివితే అవన్నీ సరిగ్గానే వినబడతాయి, ఎందుకంటే నా చెవిలో అమ్మ ఉంది. పాప చెవిలో లేదు. నేను నలభై ఏండ్ల ముందు రాసింది కూడా టాబే.

నవ్వు అయినాక ఒక పాట దగ్గర నేనే ఆగిపోయినాను. గడప ముందుకు ఒకాయన వస్తాడు. ఆయన తాతా, దాతా? రెండూ ఒకే మాదిరి రాస్తాము. తాత అయితే ఇంటి మనిషి, దాత అయితే దానం చేసేవాడు. పాట అర్థమే మారిపోతుంది. పాప దాన్ని 'తాద' అని చదివింది. నాకు రాగం గుర్తుంది, ఆ మాట మాత్రం గుర్తు లేదు. అమ్మ పోయి పదకొండేండ్లు. ఆ పాట పాడే మా పెద్దమ్మ కూడా లేదు. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

దీనికి ఉపాయం మనవాళ్లు ఎప్పుడో కనిపెట్టినారు. త్యాగరాజ కృతులు తమిళ లిపిలో అచ్చు వేసే పుస్తకాల్లో అక్షరం పక్కన చిన్న అంకెలు వేస్తారు. 'క'కు మూడు వేస్తే గ, 'ప'కు మూడు వేస్తే బ. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చు వేసిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో గమకాలకు కూడా గుర్తులు పెట్టినారు. నాకు ఇరవై ఏండ్లప్పుడు ఈ సంగతి ఎవరైనా చెప్పి ఉంటే!

ఇప్పుడు రోజూ పొద్దున అరగంట గిటారు, తరువాత అరగంట నోటుబుక్కు. ఒక పక్క తెలుగులో తిరిగి రాస్తున్నాను, ఇంకో పక్క పాప కోసం తమిళ అక్షరాల మీద అంకెలు వేస్తున్నాను. నేను పాడి ఫోన్లో రికార్డు కూడా చేస్తున్నాను, గొంతు ఎట్లున్నా. ఇరవై మూడు పాటల్లో తొమ్మిది అయినాయి. ఆ 'తాత' ఉన్న పాట పక్కన పెట్టినాను.

పెన్నాగరం, ధర్మపురి, హోసూరు పక్క మన ఇండ్లలో పెద్దవాళ్లున్నారు. గడప దగ్గరికి వచ్చిన ఆయనకు పెండ్లికూతురు చెంబుతో నీళ్లిచ్చే పాట ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. రాసి పంపొద్దు, పాడించి పంపండి.