ఏడు కాంతి సంవత్సరాల పెట్రోలు

మొన్న థర్డ్ సెమ్‌లో ఒక రాత్రి పన్నెండున్నరకి నేను రెండు నక్షత్రాల మధ్య ఇరుక్కుపోయాను. హాస్టల్ వైఫై బాగానే ఉంది. లాప్‌టాప్‌లో చార్జింగ్ ఉంది. కడుపులో మెస్ పులిహోర ఉంది. లేనిదల్లా ఫ్యూయల్.

గేమ్ పేరు ఎలీట్. 1984లో వచ్చింది. అప్పటికి కేంబ్రిడ్జ్‌లో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు బీబీసీ మైక్రో కంప్యూటర్ కోసం రాశారు. ఆ మెషీన్ మెమరీ మొత్తం 32 కిలోబైట్లు. నా లాప్‌టాప్ కొత్త గేమ్ ఏది పెట్టినా ఫ్యాన్ తిప్పి తిప్పి చేతులెత్తేస్తుంది కాబట్టి, బ్రౌజర్‌లో నడిచే ఎమ్యులేటర్‌లో ఈ పాత గేమ్‌లు ఆడటం అలవాటైంది.

ఆట సింపుల్. 100 క్రెడిట్లు, ఒక కోబ్రా నౌక ఇచ్చి లావే అనే గ్రహం దగ్గర వదిలేస్తారు. అది వ్యవసాయ గ్రహం. అక్కడ ఫుడ్ చవగ్గా కొని, జావోన్స్ లాంటి ఇండస్ట్రియల్ గ్రహంలో అమ్మి, అక్కడి కంప్యూటర్లు కొని తెచ్చి లావేలో అమ్ముకోవాలి. రైతుబజారు లెక్కే, మధ్యలో పైరేట్లు ఉంటారు అంతే. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి హైపర్‌స్పేస్ జంప్ చేస్తాం. ఫుల్ ట్యాంకుతో ఏడు కాంతి సంవత్సరాలు వెళ్ళొచ్చు. అంతకన్నా ఎక్కువ పట్టదు.

జంప్ చేస్తే గమ్యం చేరతాం అని నేను అనుకున్నాను. దాదాపు వందలో ఒకసారి చేరం. మధ్యలో విచ్‌స్పేస్ అనే చోట పడతాం. అక్కడ గ్రహం లేదు, సూర్యుడు లేడు, స్టేషన్ లేదు. థార్గాయిడ్లు అనే ఏలియన్లు మాత్రం కాచుకుని ఉంటారు. ఆ రాత్రి బీమ్ లేజర్ కొత్తగా కొన్నాను కాబట్టి ఎలాగో బతికిపోయా. చివరి పెద్ద నౌక కూడా పేలగానే చిన్న నౌకలన్నీ తల్లి పోయిన పిల్లల్లా ఎక్కడివక్కడ ఆగిపోయాయి. గెలిచాను అనుకుని మళ్ళీ జంప్ నొక్కాను. స్క్రీన్ మీద ‘హైపర్‌స్పేస్ రేంజ్?’ అని వచ్చింది. ట్యాంకులో ఒక కాంతి సంవత్సరానికి కూడా సరిపడా లేదు.

సూర్యుడి దగ్గరగా ఎగిరి ఫ్యూయల్ పట్టుకునే పరికరం ఒకటి ఆ గేమ్‌లో ఉంది, కానీ అక్కడ సూర్యుడే లేడు. విచిత్రం ఏంటంటే, గేమ్ ఓవర్ కూడా రాలేదు. నౌక బాగానే ఉంది, నేను బతికే ఉన్నాను, చుట్టూ చుక్కలు కదులుతున్నాయి. ఎవరూ రారు. చేయగలిగింది ఒక్కటే, చివరిసారి స్టేషన్‌లో ఆగినప్పుడు సేవ్ చేసిన చోటికి వెనక్కి వెళ్ళడం. రెండు గంటల సంపాదన పోయింది.

కోపమొచ్చి ఇంటర్నెట్‌లో ఆ గేమ్ కోడ్ వెతికాను. అసెంబ్లీ లాంగ్వేజ్, కానీ పక్కనే వివరణ ఉంది. జంప్ నొక్కగానే ముందు దూరానికి సరిపడా ఫ్యూయల్ తీసేస్తుంది. ఆ తర్వాత 0 నుంచి 255 లోపు ఒక రాండమ్ నంబర్ తీస్తుంది. 253 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మనం మధ్యలో పడ్డట్టే. అంటే 256లో 3 సార్లు. గేమ్‌కి నా మీద పగేం లేదు. నేనే ట్యాంకు మొత్తం ఊడ్చిపెట్టే జంప్ ఎంచుకున్నాను. సగం దూరం జంప్ చేసుంటే మిగతా సగంతో ఎక్కడికో ఒక చోటికి వెళ్ళేవాడిని.

ఇక్కడ మా నాన్న గుర్తొచ్చాడు. ఆయన పాత స్ప్లెండర్ బైక్‌కి ఆరేడేళ్ళుగా రిజర్వ్ అవసరమే పడలేదు. “రిజర్వ్‌లో పడకముందే కొట్టించాలి రా. రిజర్వ్ ఉన్నది నడపడానికి కాదు, బంకు దాకా వెళ్ళడానికి” అంటాడు. నాన్న గుర్తురాగానే గేమ్ మూసేసాను. ఎందుకో తర్వాత చెప్తా.

ఆ కోడ్‌లో ఇంకో అద్భుతం చూశాను. ఎలీట్‌లో 8 గెలాక్సీలు, ఒక్కోదాంట్లో 256 నక్షత్ర వ్యవస్థలు. మొత్తం 2048. ఇవన్నీ ఆ బుల్లి మెమరీలో ఎక్కడ దాచారు? దాచలేదు. మూడు 16-బిట్ నంబర్లు మాత్రం దాచారు. వాటిని కలుపుతూ పోతే, మనం ఫస్టియర్‌లో రాసిన ఫిబొనాచీ ప్రోగ్రాం లాగా, తర్వాతి నక్షత్రం నంబర్లు వస్తాయి. మొత్తం 65535 దాటితే పైబిట్ రాలిపోతుంది, అదీ ఒక రకంగా మంచిదే. ఆ నంబర్లతోనే రెండేసి అక్షరాల ముక్కలు ఎంచి పేరు పెడతారు. లా, వే కలిస్తే లావే. డి, సో కలిస్తే డిసో.

“65535కి ఒకటి కలిపితే ఎంత?” అని సీ ల్యాబ్‌లో సార్ అడిగితే నేను 65536 అని చెప్పి అందర్నీ నవ్వించాను. 16 బిట్లలో అది సున్నా. అదే తప్పు 1993లో వచ్చిన ఈ గేమ్ రెండో భాగం, ఫ్రాంటియర్‌లో ఉంది. అందులో మొత్తం పాలపుంతే ఉంటుంది. నౌకని ఏడాదికోసారి సర్వీసింగ్ చేయించకపోతే జంప్ తప్పి శూన్యంలో పడతాం. దూరాన్ని కాంతి సంవత్సరంలో వందో వంతు చొప్పున 16 బిట్లలో లెక్కపెట్టారు. అందుకే 655.36 కాంతి సంవత్సరాలు అవ్వగానే మీటర్ తిరిగి సున్నాకి వస్తుంది. 660 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నక్షత్రం ఐదు కన్నా తక్కువ దూరంలో ఉన్నట్టు గేమ్ నమ్ముతుంది, అంతే ఫ్యూయల్ తీసుకుంటుంది. ఆటగాళ్ళు దీనికి వార్మ్‌హోల్ అని పేరు పెట్టి, నెలలు పట్టే దూరాలు దాటేశారు. నా తప్పుకి ల్యాబ్‌లో నవ్వారు. వాళ్ళ తప్పు రోడ్డైంది.

ఇదే వరసలో 2014లో వచ్చిన ఎలీట్ డేంజరస్ నా లాప్‌టాప్‌లో నడవదు, వీడియోలు చూస్తాను. 2019లో 13 వేల మందికి పైగా ఆటగాళ్ళు కలిసి గెలాక్సీ అవతలి అంచు దాకా, 65 వేల కాంతి సంవత్సరాల దూరానికి బయలుదేరారు. కానీ నాకు నచ్చింది ఆ యాత్ర కాదు, ఫ్యూయల్ ర్యాట్స్. వీళ్ళూ ఆటగాళ్ళే. ఎక్కడో ఫ్యూయల్ అయిపోయి ఎవరైనా ఆగిపోతే, కబురు పెడితే చాలు, అంత దూరం వెళ్ళి ఫ్రీగా ఫ్యూయల్ పోసి వస్తారు. ఆక్సిజన్ కౌంట్‌డౌన్ మొదలైందా అని ముందే అడుగుతారు. మొదలైతే వెంటనే గేమ్ నుంచి మెనూలోకి వచ్చెయ్యమంటారు, అప్పుడు టైమ్ ఆగుతుంది. ఇలా ఎందుకు చేశావు అన్నది వాళ్ళకి అనవసరం. 1984లో ఎవరూ రాని చోటికి ఇప్పుడు మనుషులు వస్తున్నారు. ఒకటే షరతు, ఇరుక్కున్నానని మనం చెప్పాలి.

ఇప్పుడు చెప్తా. నాకు సెకండ్ సెమ్‌లో ఎం-2 పోయింది. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా లెక్కల్లో 95కి తగ్గని నాకు. రిజల్ట్ వచ్చిన రోజు ఇంట్లో “అన్నీ పాస్” అన్నాను. నాలుగు నెలలు అదే మాట. ప్రతి ఆదివారం ఫోన్‌లో అమ్మ “బాగా చదువుతున్నావా నాన్నా?” అంటే “ఆఁ” అనేవాడిని. నౌక బాగానే ఉంది, చుక్కలు కదులుతున్నాయి. సప్లీ ఫీజు లాస్ట్ డేట్ దగ్గరికొచ్చింది, నా దగ్గర డబ్బుల్లేవు, మా రూమ్మేట్‌కి తప్ప ఎవరికీ తెలీదు. వాడు రోజూ ఒకటే మాట, “చెప్పెయ్ రా బాబూ.”

వీడియో చూసిన మర్నాడు పొద్దున్నే నాన్నకి ఫోన్ చేసి చెప్పేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “ఎన్ని నెలలైంది?” అన్నాడు. నాలుగు అన్నాను. “నాలుగు నెలలు రిజర్వ్‌లోనే నడిపావా?” అని, ఫీజెంతో, ఎప్పటిలోగా కట్టాలో అడిగి పెట్టేశాడు. సాయంత్రానికి ఫోన్‌పేలో డబ్బులు పడ్డాయి. తిట్లు ఆదివారం పడ్డాయి, అది వేరే సంగతి.

పరీక్ష రాశాను. లాప్లాస్ కొంచెం భయంగానే ఉంది, రిజల్ట్ ఇంకా రాలేదు. ఎలీట్‌లో మాత్రం ఇప్పుడు సగం ట్యాంకు మిగలని జంప్ చేయట్లేదు. లావే నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.