నిలబెట్టిన పెట్టె

మా మేనల్లుడు ఉండే హాస్టల్ దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర ఒక సందులో ఉంది. గదికి ముగ్గురు. ఒక్కొక్కరికి ఒక మంచం, గోడకి ఒక అర, రెండడుగుల పొడవూ అడుగున్నర వెడల్పూ ఉన్న ఒక బల్ల. చదువూ తిండీ ఆ బల్ల మీదే. త్రీడీ యానిమేషన్ నేర్చుకునే కంప్యూటరూ దాని మీదే. సూర్యాపేట నుంచి తెచ్చుకున్న ఆ క్యాబినెట్ నిజానికి చిన్నదే. పొడవు 33 సెంటీమీటర్లు, వెడల్పు 22, ఎత్తు 20. కాకపోతే అది పడుకుని ఉండే రకం. మానిటరూ కీబోర్డూ పెట్టాక నోటుబుక్కు తెరిచే జాగా మిగలదు.

"లేపి నిలబెడితే సరిపోదా?" అన్నాను.

"నిలబెట్టి చూసిన మామయ్యా. గాలి తీసుకునే మూతి కిందికి పోయి బల్లకి మూసుకుపోతుంది. వైర్లన్నీ నెత్తి మీదికొస్తయి. మే నెలలో రెండర్ పెడితే పది నిమిషాలకే ఆగిపోయేది."

వాడికి దారి చూపింది కంప్యూటర్ దుకాణం కాదు, ఎల్బీనగర్‌లో కూలర్లు చేసే ఒక రేకు పని మేస్త్రీ. ఆషాఢం వచ్చి కూలర్ల గిరాకీ తగ్గాక, ఒక ఆదివారం వాడితోపాటు నేనూ వెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్బీనగర్. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా రైలు మొదలైన రోజు నాకు గుర్తుంది. అంతకుముందు ఇదే దూరం సిటీ బస్సులో ఒక పూట తినేసేది. క్యాబినెట్‌ని పాత దుప్పట్లో చుట్టి వాడు ఒళ్లో పెట్టుకున్నాడు. మదర్‌బోర్డు వేరే అట్టపెట్టెలో నా ఒళ్లో ఉంది.

మేస్త్రీ షెడ్డు సాగర్ రింగ్ రోడ్డు వైపు ఒక సందులో ఉంది. గోడవారన ఇంకా గడ్డి తడికెలు బిగించని కూలర్ల డొక్కులు వరుసగా ఉన్నాయి. పక్కన తాళం కొండీ ఊడిన ట్రంకు పెట్టెలు, మధ్యలో బెంచ్ వైస్. ఎక్కడో బోనాల మైకు మోగుతోంది. మేస్త్రీకి అరవై దాటి ఉంటాయి. మావాడు "కాకా" అని పిలిస్తే ఆయన "రా బిడ్డా" అని, క్యాబినెట్‌ని తీసుకుని నాలుగు వైపులా వేలితో తట్టి చూశాడు.

"పావు మిల్లీ తక్కువ మిల్లీ రేకు. వంచొచ్చు, గని ఇష్టమొచ్చినట్టు కోస్తే డబడబలాడుతది" అన్నాడు. తర్వాత కొలిస్తే 0.8 మిల్లీమీటర్లు వచ్చింది. వేళ్లతో అంత దగ్గరగా చెప్పడం నేను కళ్లారా చూశాను.

అసలు పని గీతలు గీయడంతో మొదలైంది. మావాడి బోర్డు మినీ ఐటీఎక్స్ రకం, అంటే 170 మిల్లీమీటర్ల చదరం. 2001లో తైవాన్‌కు చెందిన వియా కంపెనీ తెచ్చిన ఈ కొలత వల్లే ఇంత చిన్న పెట్టెలు సాధ్యమయ్యాయి. దాని నాలుగు బిగింపు చిల్లులూ సరైన చతురస్రంలో ఉండవు. వైర్లు గుచ్చే వైపున్న వాటిలో ఒకటి వరస తప్పి లోపలికి జరిగి ఉంటుంది. స్కేలుతో లెక్కేసి చిల్లులు పెడితే అక్కడే తప్పుతాం. మేస్త్రీకి ఈ సంగతి ముందే తెలియదు, కానీ ఆయన పద్ధతిలో ఆ తప్పు జరిగే వీలే లేదు. బోర్డుని అట్ట మీద పెట్టి, చిల్లుల్లోంచి పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఆ అట్టని రేకు మీదికి మార్చాడు. మూలమట్టం ఆనించి అంచు సరిచూశాడు. సెంటర్ పంచ్‌తో చిన్న గుంట కొట్టాకే డ్రిల్లు ముట్టుకున్నాడు, బిట్టు జారకుండా.

తర్వాత ఫ్యాను. పెట్టెని ముక్కు మీద నిలబెడితే ముందు భాగం అడుగవుతుంది, వెనక భాగం నెత్తి అవుతుంది. అడుగున ఉన్న ముద్ర కొట్టిన జాలీకి చిల్లులు ఎంత సన్నమంటే, గాలికి దారి కన్నా రేకే ఎక్కువ. దాన్ని కోసేసి 120 మిల్లీమీటర్ల ఫ్యానుకి గుండ్రటి నోరు తెరవాలి. దాని మరల మధ్య దూరం ఎక్కడైనా 105 మిల్లీమీటర్లే. కాంపాస్‌తో వలయం గీసి, దాని వెంట పక్కపక్కనే సన్న చిల్లులు పొడిచి, మధ్య ముక్కని ఊడదీసి, అర్ధచంద్రం ఆకురాయితో అంచు రాశాడు. రేకు అదరకుండా కింద చెక్క పెట్టాడు. గ్రైండర్ పక్కనే ఉంది. "అది తొందరపడేటోళ్లకు" అన్నాడు. ఒక్క వలయానికి గంటంబావు పట్టింది. వేలితో తడిమితే ఎక్కడా గీసుకోలేదు.

కంప్యూటర్‌కి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ విషయంలో మావాడు ముందే తెలివైన పని చేశాడు. పాతది మామూలు ఏటీఎక్స్ కొలత, 150, 86, 140 మిల్లీమీటర్లు. అది ఫ్యాను గాలికి అడ్డంగా కూర్చునేది. ఎంజీబీఎస్‌లో రైలు మారి పరేడ్ గ్రౌండ్ దాకా వెళ్లి, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఎస్ఎఫ్ఎక్స్ రకం కొన్నాడు. అది 125, 63.5, 100. లెక్కేస్తే దాదాపు లీటరు జాగా మిగిలింది. ఇంత చిన్న ఇంట్లో లీటరంటే ఒక గది. కొత్తది ఫ్యాను పక్కన అడుగునే నిలబడింది కాబట్టి బరువంతా కిందే ఉండి పెట్టె ఒరగదు. దాని మీదుగా గ్రాఫిక్స్ కార్డు పై నుంచి వేలాడుతుంది.

పక్క రేకుకి కంపెనీవాళ్లు పెట్టిన వరుస చిల్లులున్నాయి. గాలి బాగా ఆడుతుంది కదా, ఉండనీ అన్నాను. మేస్త్రీ ఒప్పుకోలేదు.

"గాలి సోమరిది సార్. సులువైన తొవ్వ దొరికితే అటే పోతది. కూలర్ల కూడ అంతే. తడికె పక్కన వేలంత సందు ఉంచితే తడి గడ్డిలకెల్లి రాదు, ఆ సందులకెల్లే వస్తది. ఇంగ సల్లదనం ఏడికెల్లి?"

గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లకు ఎదురుగా ఉన్నవి మాత్రం వదిలి, మిగతా చిల్లుల మీద పలక పెట్టి రివిట్లు కొట్టాడు. ఇన్నేళ్లుగా కంప్యూటర్ల చల్లదనం గురించి నేను చదివిందంతా ఆ నాలుగు మాటల్లో కుదురుగా కనిపించింది.

నిలువు పెట్టెల గురించి ఒక నమ్మకముంది, వేడిగాలి దానంతటదే పైకి లేస్తుంది కనుక నిలబెడితే చాలని. యాపిల్ 2000లో ఫ్యానే లేకుండా తెచ్చిన జీ4 క్యూబ్ ఈ నమ్మకం మీదే నిలబడింది. ఏడాదికే దాని తయారీ ఆపేశారు. 2013లో అదే కంపెనీ తెచ్చిన గొట్టం ఆకారపు మ్యాక్ ప్రోకీ, 2020 నాటి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కీ పైన ఒక పెద్ద ఫ్యాను ఉంది. అడుగు ఎత్తున్న పెట్టెలో వేడిగాలికి సొంతంగా ఉండే తోపు, మామూలు ఫ్యాను ఇవ్వగల తోపులో నూటికి ఒక వంతు ప్రాంతంలోనే ఉంటుంది. నిలబెట్టడం వల్ల వచ్చే అసలు లాభం వేరు. కింద చొరబడిన గాలి వంపు తిరగకుండా, మధ్యలో అన్నిటినీ తాకి నెత్తిన బయటపడుతుంది. కింద నాలుగు సెంటీమీటర్ల కాళ్లు లేకపోతే ఆ లాభమూ దక్కదు. మేస్త్రీ కూలర్ కాళ్ల పట్టీ ముక్కల్నే కోసి కాళ్లు చేశాడు. ఫ్యాను కింద దోమతెర ముక్క బిగించాడు, దిల్‌సుఖ్‌నగర్ దుమ్ముకి.

నెత్తి దగ్గర కాస్త వాదన నడిచింది. వైర్లు పైకి వస్తాయి, వంగి వెనక్కి దిగాలి. మూత లేకపోతే హాస్టల్ గదిలో ఏ గ్లాసు నీళ్లో ఒలికితే అంతే. మూత పెడితే గాలి ఆగుతుంది. మేస్త్రీ కాసేపు చూసి, పాత వంటిళ్ల పొగగొట్టం మీద ఉండే రేకు టోపీ లాంటిది చేశాడు. అయిదు సెంటీమీటర్లు ఎత్తి, నాలుగు పక్కలా ఖాళీ వదిలి, వెనక్కి వాలు ఇచ్చాడు. పొగ పోతుంది, వాన రాదు. నాకు ఆ పెట్టె మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఆ టోపీయే.

బిగించే ముందు చేసిన రెండు పనుల్ని ఇలాంటివి చేసుకునే పిల్లలందరికీ చెప్పాలనిపించింది. మొదటిది రజను. ఆకురాయి రాసిన ఇనుప రజను ఒక్క పలుకు బోర్డు మీద రెండు కాళ్ల మధ్య పడితే బోర్డు పోయినట్టే. అయస్కాంతానికి పాలిథిన్ కవరు తొడిగి మూలమూలలా తిప్పి, కవరు తిరగేసి రజను పారేసి, తడిగుడ్డతో తుడిచి, ఆరాకే బోర్డు లోపలికి వెళ్లింది. రెండోది ఎర్త్. కోసి అతికించిన రేకుల మధ్య రంగు అడ్డుంటే విద్యుత్తు కలవదు. మర కూర్చునే చోటల్లా రంగు గీకాడు. ఇంత చేసినా, ఎర్త్‌కి ఉండే మూడో పిన్ను పనిచేయని ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలిస్తే ఇనుప పెట్టె ముట్టుకోగానే జివ్వుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఆయన ముట్టలేదు. కరెంటు తీసేశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత నిలవ ఉండొచ్చని మావాడు చెప్తే, "దాన్నట్లనే ఉంచు" అన్నాడు.

ఆన్ చేశాక మేస్త్రీ కొడుకు దేవుడి పటం దగ్గరి అగరబత్తి తెచ్చాడు. కాళ్ల మధ్య పెడితే పొగ తీగలా సాగి దోమతెరలోకి పోయింది. మేమంతా టోపీ వైపు చూశాం. నాలుగు పక్కల నుంచీ పల్చగా బయటికొచ్చింది. మేస్త్రీ అగరబత్తిని పెట్టె పక్కకు జరిపి, అతుకుల వెంట నెమ్మదిగా పైకి నడిపాడు. ఒకచోట పొగ సన్నగా లోపలికి వంగింది. ఏమీ అనకుండా పెట్టె ఆపించి, మరలు విప్పి, అక్కడ రబ్బరు పట్టీ వేశాడు. మళ్లీ వెలిగించాడు.

చీకటి పడ్డాక హాస్టల్ చేరాం. బల్ల మీద పెట్టె 22, 20 సెంటీమీటర్ల జాగాలో నిలబడింది. మావాడు రెండర్ పెట్టి, మిగిలిన చోట నోటుబుక్కు రెండు పేజీలూ పూర్తిగా తెరిచాడు. అరగంట తర్వాత నేను టోపీ మీద చెయ్యి పెట్టి చూశాను. గాలి వెచ్చగా, ఆగకుండా వస్తోంది.