నాన్న వెనకాల ఏముంది?

నాకు బొమ్మలు వేయడం రాదు. ఎనిమిదో తరగతిలో సైన్సు రికార్డులో కప్ప జీర్ణవ్యవస్థ గీసుకెళితే, 'ఇదేంటమ్మా, గోంగూర కట్టా?' అన్నారు మాస్టారు. క్లాసంతా నవ్వింది. ఆ రోజు నుంచి పెన్సిలు పట్టుకుంటే రాయడానికే తప్ప గీయడానికి కాదు. అలాంటిదాన్ని ముప్ఫయ్యేడేళ్ల వయసులో వెళ్లి వెళ్లి ఓ ఆన్‌లైన్ బొమ్మల క్లాసులో చేరాను. కంప్యూటరు మీద సరదా బొమ్మలు చేయడం నేర్పుతారట. ఆరు వారాలు, శని ఆదివారాల్లో రాత్రి గంటన్నర. 'గీయడం రానివాళ్లకు ప్రాధాన్యం' అని ప్రకటనలో ఉంది. ఇంత అర్హత నాకు దేనికీ లేదనిపించింది.

నిజం చెప్పొద్దూ, చేరింది కథనం కోసం. పెద్దవాళ్లు ఆన్‌లైన్లో హాబీలు నేర్చుకోవడం మీద ఓ ఫీచర్ రాద్దామని డెస్కులో అనుకున్నాం. రెండు వారాలు కూర్చుని, నలుగురితో మాట్లాడి, నోట్సు రాసుకుని బయటపడాలని నా ప్లాను. ఆ ఫీచర్ ఇంతవరకూ రాయలేదు. రాసింది ఇదిగో, ఇదీ.

క్లాసులో ఇరవై మందిమి. ఖమ్మంలో రిటైరైన బ్యాంకు మేనేజరుగారు, విశాఖలో పళ్ల డాక్టరు, న్యూజెర్సీ నుంచి తెల్లారుజామున... కాదు కాదు, వాళ్లకు పొద్దున కాఫీ వేళకు కూర్చునే ఓ సాఫ్ట్‌వేరు ఇంజినీరు, ఇద్దరు ఇంటర్ పిల్లలు. మొదటివారం ఇచ్చిన పని - వంటింట్లోని కూరగాయ ఒకదానికి మొహం పెట్టాలి. మేనేజరుగారు కాకరకాయకి తన పాత రీజనల్ మేనేజరు కళ్లజోడు పెట్టారు. మాకెవరికీ ఆ పెద్దమనిషి తెలియదు. అయినా గుర్తుపట్టినట్టే నవ్వాం. రెండోవారం - మీ ఇంటి ఫ్రిజ్‌కి సినిమా పోస్టరు. ఇలాంటివే.

ఇదేం చదువు అనిపిస్తుంది కదా! నాకూ అనిపించింది. దీనికో పూర్వకథ ఉంది. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని మేరీ వాషింగ్టన్ యూనివర్సిటీలో డిజిటల్ స్టోరీటెల్లింగ్ అనే కోర్సు ఉండేది. డీఎస్106 అంటారు. దాన్ని 2011లో ఫీజూ పరీక్షా లేకుండా ఇంటర్నెట్లో ఎవరైనా చేరేలా తెరిచారు. అందులో చేయాల్సిన పనుల్ని మాస్టార్లే కాదు, చేరినవాళ్లు కూడా కనిపెట్టి ఓ చోట జమ చేస్తారు. ఎవరికి నచ్చింది వాళ్లు తీసుకుని చేస్తారు. మా క్లాసు నడిపే ఆయన ఆ పద్ధతినే తెలుగు చేసుకున్నారు. 'బాగా చేయడం తర్వాత, ముందు ఆడుకోండి' అంటారు. ఆడుకోవడం అంత తేలికేమీ కాదని మూడోవారంలో తెలిసింది.

మూడోవారం జిఫ్ బొమ్మలు. పేరు తెలియకపోయినా మీరు రోజూ చూస్తూనే ఉంటారు. పొద్దున్నే వాట్సప్‌లో ఊగే గులాబీలు, గాల్లో రెపరెపలాడే దీపాలు... అలా నాలుగైదు సెకన్లలో అయిపోయి, మళ్లీ మొదటికొచ్చే బొమ్మలు. 1987లో కంప్యూసర్వ్ అనే అమెరికన్ కంపెనీలో స్టీవ్ విల్‌హైట్, ఆయన బృందం ఈ పద్ధతి తయారుచేశారు. ఫోను తీగల మీద బొమ్మ పంపాలి కాబట్టి బరువు తక్కువుండాలి. అందుకే 256 రంగులకు మించకూడదని హద్దు. దాన్ని జిఫ్ అనాలా, గిఫ్ అనాలా అని లోకం కొట్టుకుంటుంటే, 2013లో ఓ అవార్డు అందుకుంటూ విల్‌హైట్ 'జిఫ్' అనే తేల్చారు. ఆయన 2022లో కన్నుమూశారు. గొడవ మాత్రం అలాగే ఉంది. బొమ్మ ఆగకుండా తిరిగి తిరిగి ఆడే ఏర్పాటు 1995లో నెట్‌స్కేప్ బ్రౌజరుతో వచ్చింది. ఆ బ్రౌజరు 2008లో మూతపడింది. అయినా ఆగకుండా తిరిగే జిఫ్ ఫైలు కడుపులో ఈ రోజుకీ నెట్‌స్కేప్ పేరు రాసే ఉంటుంది. మనిషి పోయినా గేటు మీద పేరు మిగిలిపోయినట్టు.

సరే, మాకిచ్చిన పని: 'ఇంట్లో పాత ఫొటో ఒకటి తీసుకోండి. అందులో ఒక్కటంటే ఒక్కటే కదలాలి. చూసినవాళ్లకు నవ్వు రావాలి.'

నా దగ్గర అలాంటి ఫొటో ఒకటే ఉంది. 1993లో బందరులో మా ఇంటి ముందు తీసింది. ఆ రోజు నాన్న కొత్త స్కూటరు కొన్నారు. బాబాయి హాట్‌షాట్ కెమెరాతో తీశాడు. బండికి పసుపు బొట్లు, బంతిపూల దండ. హ్యాండిలు పట్టుకుని నాన్న, ఏదో ప్రమాణస్వీకారం చేస్తున్నంత గంభీరంగా. పక్కన అయిదేళ్ల నేను, కళ్లలో ఎండపడి మొహం చిట్లించుకుని. మెట్ల మీద అంచున చీరకొంగు ఒకటి కనబడుతుంది. అది అమ్మ.

ఆ స్కూటరు సంగతి మా తరంవాళ్లకు చెప్పక్కర్లేదు. కిక్ కొడితే అంటుకోదు. ఓ పక్కకి వంచాలి. వంచి, పెట్రోలు గుటకేసిందో లేదో చెవిపెట్టి విన్నట్టు ఓ క్షణం ఆగి, మళ్లీ నిలబెట్టి, అప్పుడు కొట్టాలి. లెక్కల మాస్టారైన మా నాన్న రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి ఆ వంగడం, లేవడం ఓ వ్రతంలా చేసేవారు. దాన్ని జిఫ్ చేస్తే! నాన్న బండిని వంచుతారు, నిలబెడతారు, వంచుతారు, నిలబెడతారు... ఎప్పటికీ స్టార్టవదు. తలుచుకుంటేనే నవ్వొచ్చింది. ఆ వెంటనే భయమూ వేసింది. హాల్లో దండ వేసి ఉన్న మనిషితో ఆటలేంటి?

ఇక్కడో మాట చెప్పాలి. 2019లో నాన్న పోయారు. 2021లో ఇల్లు అమ్మేశాం. 'అమ్మేశాం' అంటున్నాను గానీ అమ్మించింది నేనే. అన్నయ్య బెంగళూరులో, నేను హైదరాబాదులో. వానొస్తే కారే ఇంట్లో అమ్మ ఒక్కతీ. ఎలా కూడినా లెక్క నా వైపే తేలింది. అమ్మ కాదనలేదు. రిజిస్ట్రారాఫీసులో ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి, నా వెంట వచ్చేసింది. అప్పట్నుంచీ ఆ ఇంటి మాట ఎత్తలేదు. నేనెత్తితే 'పాలు పొంగుతున్నాయేమో చూడు' అని లేచి వెళ్లిపోయేది. కొన్నవాళ్లు ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపారని తెలిసినప్పుడు కూడా 'ఆహా' అని ఊరుకుంది.

కాబట్టి ఈ పని అమ్మకు తెలియకుండా రాత్రిళ్లు మొదలుపెట్టాను. గింప్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు ఉంది. ఫొటోని అందులో పెట్టి, నాన్ననీ బండినీ అంచుల వెంబడి కత్తిరించి వేరే పొరగా తీయాలి. గాజుకాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టన్నమాట. పై కాగితం మీద నాన్న, కింది కాగితం మీద మిగతా ఫొటో. నాన్న ఉన్న కాగితాన్ని చక్రం ఆనినచోట పట్టుకుని రెండు డిగ్రీలు వంచితే ఒక ఫ్రేము. ఇంకో రెండు వంచితే ఇంకోటి. అలా ఎనిమిది. సెకనులో నూరోవంతు లెక్కన ఏ ఫ్రేము ఎంతసేపు నిలవాలో చెప్పొచ్చు. వినడానికి బాగానే ఉంది. నాన్న చెవి చుట్టూ కత్తిరించడానికి నాకు గంట పట్టింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నాన్నని పక్కకి వంచగానే ఆయన ఉన్నచోట బొక్క! మనిషి ఆకారంలో, తెల్లగా. ఫొటో అంటే అంతే కదా, కెమెరాకి ఎదురుగా ఉన్నదే పడుతుంది. నాన్న వెనకాల ఉన్నది కెమెరా చూడలేదు. దాన్ని మనమే పూరించాలి.

బద్ధకించి ముందు ఓ ఏఐ టూల్‌కి ఇచ్చాను. మూడు క్షణాల్లో నింపేసింది. శుభ్రమైన గోడ, దాని మీద పాకిన కాగితంపూల తీగె. క్యాలెండరు బొమ్మలా ఉంది. మా ఇంట్లో కాగితంపూలెక్కడివి? తీసేశాను. ఫొటోలో అటూ ఇటూ సున్నం వేసిన ప్రహరీగోడ కనబడుతోంది. ఆ గోడలోంచే ముక్కలు తీసి అతికిస్తూ మూడు రాత్రులు కూర్చున్నాను. సున్నం పెచ్చులు, నాచు చారలు, ఎక్కడా అతుకు తెలియకుండా. కప్పకు బదులు గోంగూర గీసినదాన్ని, ఇంత పని నా చేత్తో చేశానా అని నాకే ముచ్చటేసింది.

శుక్రవారం రాత్రి అమ్మ మంచినీళ్ల కోసం లేచింది. లాప్‌టాప్ మూయబోయాను గానీ అప్పటికే వెనకాల నిలబడి ఉంది. తెర మీద నాన్న వంగుతున్నారు, లేస్తున్నారు. నేను ఊపిరి బిగబట్టాను. అమ్మ నవ్వలేదు, ఏడవలేదు. కళ్లజోడు తెచ్చుకుని, దగ్గరకి వంగి చూసి అడిగింది.

"ఈ గోడెక్కడిదే?"

"మన గోడేనమ్మా. బందరు ఇంటిది."

"నీ మొహం. అక్కడ గోడ లేదు. గండి."

నాకర్థం కాలేదు. అమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. బందరువాళ్లకి తుపానంటే 1977 నాటి ఉప్పెనే. దాని ముందు మిగతావన్నీ చిన్నవే. కానీ 1990 మేలో వచ్చినదీ తక్కువది కాదు. అప్పుడు నాకు రెండేళ్లు. ఆ గాలికి మా ప్రహరీ మధ్యలో మంచం పట్టేంత మేర పడిపోయిందట. తిరిగి కట్టించడానికి మూడేళ్లు చిట్టీ కట్టి, అమ్మ పాట పాడుకుంది. ఆ డబ్బు తీసుకెళ్లి నాన్న స్కూటరుకి మొదటి విడతగా కట్టేశారు. ఇంట్లో చెప్పకుండా!

"బండి తెచ్చి నిలబెట్టి ఫొటో దిగుదాం రమ్మంటే నాకు ఒళ్లు మండిపోయింది. రానన్నాను. ఫొటోలో గండి కనబడితే అందరూ అడుగుతారని, ఆయనే బండిని సరిగ్గా దానికి అడ్డంగా పెట్టి నిలుచున్నారు. ఎంత లెక్కల మాస్టారో!" అంది.

ముప్ఫయ్యేళ్లుగా ఆ ఫొటో చూస్తున్నాను. నాన్న అంత బిగుసుకుపోయి ఎందుకున్నారో, అమ్మ మెట్ల మీదే ఎందుకాగిపోయిందో ఆ రాత్రి తెలిసింది. ఏఐ కట్టిన గోడని వెక్కిరించి నేను కట్టిందీ లేని గోడే.

"మరి ఆ గండి ఎప్పుడు పూడ్చారు?"

"ఇంకో రెండేళ్లకి. నిజానికి నాకే ఇష్టం లేకపోయింది. పక్కింటి అత్తయ్యగారు ఆ గండిలోంచే కూరగిన్నె అందించేవారు. గోడ కట్టాక వీధిలోంచి చుట్టూ తిరిగి రావాలి. ఎవరొస్తారు?"

ఆ రాత్రి రెండింటిదాకా అమ్మ మాట్లాడుతూనే ఉంది. గండిలోంచి వచ్చిన మేకపిల్ల, బావి గిలక చప్పుడు, నాన్న చిట్టీ డబ్బు వడ్డీతో సహా తిరిగిచ్చానని వేసిన దొంగ లెక్క. మధ్యలో ఓసారి 'ఇల్లు అమ్మకుండా ఉండాల్సిందమ్మా' అని నోటిదాకా వచ్చింది. అమ్మే ముందుగా అంది... "పెంకులు మార్పించాలంటే ఎంతయ్యేదో తెలుసా? అమ్మడం మంచిదే. నన్నొక మాట అడిగుంటే నేనే అనేదాన్ని." ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

శనివారమంతా గోడ పడగొట్టాను. మూడు రాత్రుల పని, పొరలు చెరిపేస్తే అయిదు నిమిషాల్లో పోయింది. గండి చేశాను. అవతల అత్తయ్యగారి పెరటి అరటిచెట్టు పెట్టాను, అమ్మ చెప్పిన వైపుకి. ఒక్కటే కదలాలన్న నియమం తప్పి ఇంకోటి చేర్చాను. నాన్న బండిని పూర్తిగా వంచినప్పుడు, వెనక గండిలోంచి ఓ చెయ్యి వస్తుంది. చేతిలో గిన్నె. నాన్న బండి నిలబెట్టగానే గిన్నెతో సహా మాయం. చెయ్యి నాదే, ఫోనుతో తీసి కత్తిరించాను. గిన్నె మా వంటింటిది.

ఆదివారం క్లాసులో చూపించాను. ఖమ్మం మేనేజరుగారు నవ్వి నవ్వి కెమెరా కదిలించేశారు. "మా బండీ అంతేనమ్మా, దాన్ని వంచీ వంచీ నా నడుం పోయింది" అన్నారు. ఇంటర్ పిల్లలకు స్కూటరుని ఎందుకు వంచుతారో చెప్పడానికే పది నిమిషాలు పట్టింది. రెండు కదిలాయి కాబట్టి నియమం తప్పానని మాస్టారు ఓ మార్కు తగ్గించినట్టు నటించారు. అసలు మార్కులే లేవు.

అమ్మ ఇదంతా నా వెనకాల సోఫాలో కూర్చుని చూసింది. క్లాసయ్యాక దగ్గరకొచ్చి, ఆ బొమ్మ మళ్లీ పెట్టమంది. పెట్టాను. నాలుగైదుసార్లు నాన్న వంగి లేచారు.

"ఆ చెయ్యి బోసిగా ఉందేంటే? అత్తయ్యగారు గాజుల్లేకుండా ఏనాడైనా ఉన్నారా? ఆకుపచ్చ మట్టిగాజులు."

టైము పదిన్నర. పొద్దున్నే ఆఫీసుంది. ఫైలు మళ్లీ తెరిచాను.

"ఎన్నమ్మా?"

"డజను పెట్టు. ఆ కుర్చీ ఇటు జరుపు, నీకు సరిగ్గా తెలియదు."