'అండీ' లేని ఇంగ్లీషు

మన కుర్రాడు పైచదువుకని ఇంగ్లండ్ వెళ్లాడనుకోండి. మొదటివారంలోనే పక్కగది అబ్బాయి మెట్ల మీద ఎదురై 'యూ ఆల్‌రైట్?' అంటాడు. మనవాడికి కంగారు. 'నాకేమైంది? మొహం అంత పీక్కుపోయిందా?' అనుకుంటూ నిద్ర సరిగా లేదనీ, తిండి పడట్లేదనీ చెప్పడం మొదలుపెడతాడు. అవతలివాడు అప్పటికే వీధిలో ఉంటాడు! అక్కడ అది ఉత్త పలకరింపు. 'యా, యూ?' అంటే చాలు. అదే మాట అమెరికాలో వినిపిస్తే మాత్రం చాలాసార్లు నిజంగానే మనకేదో అయిందేమోనన్న ఆదుర్దా.

పాతకాలపు 'హౌ డూ యూ డూ'కి జవాబు మళ్లీ 'హౌ డూ యూ డూ'నే. 'వాట్సప్' అంటే స్నేహితుల మధ్య 'ఏంట్రా సంగతి'. 2009లో పుట్టిన వాట్సాప్ పేరులోని చమత్కారం అదే. ఇందులో నవ్వడానికేం లేదు. మనం 'భోంచేశారా?' అన్నప్పుడు ఎదుటివాళ్లు కూరల జాబితా చదవాలనా!

అసలు చిక్కు పలకరింపు దాటాక వస్తుంది. ఇంట్లో 'ఏం కావాలండీ?' అని ఎంతో మర్యాదగా అడిగే మనిషి, ఆఫీసులో దాన్నే 'వాట్ డూ యూ వాంట్?' అంటాడు. వినేవాళ్లకది 'ఏంటి, ఏం కావాలి నీకు?' అన్నట్టుంటుంది. ఫోనెత్తి వినయంగా 'చెప్పండి' అనబోయి 'టెల్ మీ' అంటే అదీ అంతే. మన మర్యాదంతా 'అండీ'లో ఉంది. ఇంగ్లీషులో దానికి చోటు లేదు. ఒకప్పుడు 'నువ్వు'కి 'దౌ', మర్యాదకి 'యూ' ఉండేవి. మామూలు మాటల్లో 'దౌ' పోయి అందరికీ 'యూ' ఒక్కటే మిగిలింది. దాంతో గౌరవం క్రియలో దూరింది. 'వుడ్ యూ లైక్', 'కుడ్ యూ', ఇంకా మెత్తగా 'ఐ వాజ్ వండరింగ్'... ఇవాళ్టి పని అడగడానికి భూతకాలం! 'ప్లీజ్' ఒక్కటి తగిలిస్తే సరిపోదు. 'ప్లీజ్ సెండ్ ద ఫైల్' అన్నా అది ఆజ్ఞే.

భాషాశాస్త్రవేత్త జెన్నీ థామస్ 1983లోనే ఈ సంగతి రాశారు. వ్యాకరణం తప్పితే 'పాపం, పరాయి భాష' అని సర్దుకుంటారు. మాట తీరు తప్పితే అది భాష లోపమనుకోరు, మనిషే దురుసు అనుకుంటారు. మొహం మీద చెప్పరు కూడా. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ. తడబడుతూ మాట్లాడేవాణ్ని క్షమిస్తారు, గడగడా మాట్లాడేవాడు కావాలనే అలా అన్నాడనుకుంటారు.

ఇదే కథ అమెరికాలోని మన ఇళ్లలో తిరగబడుతుంది. అక్కడ పుట్టిన మనవరాలు, ఇంటికొచ్చిన పెద్దాయనకి 'వుడ్ యూ లైక్ సమ్ వాటర్?' అన్న ఉద్దేశంతోనే, ముద్దుముద్దు తెలుగులో 'నీకు నీళ్లు కావాలా?' అంటుంది. సోఫాలో ఉన్న అమ్మమ్మ మొహం ఎర్రబడుతుంది. పిల్ల మాత్రం గ్లాసుని రెండు చేతులా పట్టుకుని, ఒలక్కుండా జాగ్రత్తగా తెస్తూనే ఉంటుంది.