ఒక్క గుండు వేట

క్రిస్మస్ మర్నాడు అమెరికాలో జనం దుకాణాల మీద పడతారు. పెన్సిల్వేనియాలో మాత్రం కొందరు తెల్లవారకముందే మంచులోకి బయల్దేరతారు. వాళ్ల చేతిలో ఉండేది రెండున్నర శతాబ్దాల నాటి నమూనా తుపాకీ! డిసెంబరు 26న అక్కడ జింకల వేటలో 'ఫ్లింట్‌లాక్ సీజన్' మొదలై జనవరిలో కొన్ని వారాలు సాగుతుంది. ఆధునిక రైఫిళ్లతో వేట చాలాచోట్ల అంతకుముందే అయిపోయి ఉంటుంది. ఇక్కడ మందూ గుండూ మూతి నుంచే దట్టించాలి, చెకుముకి రాయి నిప్పుతోనే పేల్చాలి. 1974లో ఈ సీజన్ పెట్టినప్పటి నుంచీ అదే పద్ధతి.

మన దేశంలో 1972 చట్టం వచ్చాక జింకను చంపితే జైలే. అక్కడి కథ వేరు. 1900 నాటికి పెన్సిల్వేనియాలో జింకలు దాదాపు కనుమరుగయ్యాయి. 1906 నుంచి బయటి రాష్ట్రాల నుంచి తెచ్చి వదిలారు. తినడానికి తోడేళ్లు లేవు. మంద పెరిగి పెరిగి అడవిలో కొత్త మొక్కను బతకనివ్వని స్థితి వచ్చింది. రాత్రిళ్లు కార్లకు అడ్డం పడటం సరేసరి. అందుకే ఏటా ఇన్నని లెక్కగట్టి లైసెన్సులు ఇస్తారు. ఆ లెక్క మన మనసుకు ఎక్కడం కష్టమే అనుకోండి!

రీడింగ్ పట్టణానికి ఉత్తరాన, బ్లూ మౌంటెన్ కింద మా బంధువుల ఇల్లు. పక్కింటి పెద్దాయన నలభై ఏళ్లుగా ఈ వేటకు వెళుతున్నారు. చూస్తానంటే రమ్మన్నారు. తెల్లవారుజామున పశువుల కొట్టంలో ఆయన తుపాకీ దించి మొదట చేసిన పని చిత్రంగా అనిపించింది. మందు దట్టించే పొడవాటి కర్రను గొట్టంలోకి జారవిడిచారు. కర్ర మీద ఒక గీత ఉంది. అది మూతికి సరిగ్గా వస్తే తుపాకీ ఖాళీ. గీత మూతికి పైనే ఆగిపోతే లోపల మందూ గుండూ ఉన్నట్టు. ఈ తుపాకీలో తెరిచి చూడటానికి ఏమీ ఉండదు. పైకి చూస్తే ఖాళీదీ, దట్టించిందీ ఒక్కలాగే ఉంటాయి. మ్యూజియంలకు చేరిన పాత తుపాకుల్లో దట్టించి మరిచిపోయినవి దొరుకుతుంటాయట. పండక్కి ఇంటినిండా మనవలు దిగారు మరి, ఆయనకు ఆ భయం ఉండదూ!

ఇక మందు. ఇంగ్లిషులో బ్లాక్ పౌడర్ అంటారు. (నల్లమందు అందామంటే మనకు వేరే అర్థం ఉంది.) సురేకారం 75 పాళ్లు, బొగ్గు 15, గంధకం 10. ఎద్దు కొమ్ములో దాచుకుంటారు. కొమ్ములోంచి నేరుగా గొట్టంలో పోయకూడదు. కిందటిసారి పేలినప్పటి నిప్పురవ్వ అడుగున మిగిలి ఉంటే చేతిలోని కొమ్మంతా పేలిపోతుంది. అందుకే చిన్న కొలపాత్రలో పోసి, దాంతో వేస్తారు. తర్వాత కొవ్వు రాసిన గుడ్డముక్కలో సీసపు గుండు చుట్టి కర్రతో అడుగంటా దిగగొట్టాలి. మందుకీ గుండుకీ మధ్య సందు మిగిలితే గొట్టం చీలిపోవచ్చు. ఈ కాలం తూటాల్లో వాడే పొగరాని మందు పోసినా అంతే. మన ఏజెన్సీ ఊళ్లలోని నాటు తుపాకీ కూడా ఈ జాతిదే. అది చేతుల్లో పేలిందన్న వార్తలు మన పేపర్లోనూ చదువుతూనే ఉంటాం.

అడవిలోకి వెళ్లాక గానీ గొట్టం పక్కనున్న గిన్నెలో చిటికెడు మందు వేయలేదు. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి ఉక్కు రెక్కను గీరుతుంది. రవ్వలు గిన్నెలో పడి భగ్గుమంటాయి. ఆ మంట సన్నటి రంధ్రంలోంచి లోపలి మందును అంటుకుంటుంది. మంచు రేణువు పడ్డా ఆ చిటికెడు మందు బురదే. అందుకని పైన తోలు తొడుగు కట్టారు. గంటకోసారి పాత మందు తుడిచి కొత్తది వేశారు. కంచె దాటాల్సి వచ్చినప్పుడల్లా గిన్నె దులిపేశారు. గిన్నెలో మందు లేకపోతే అక్కడి చట్టం లెక్కలో తుపాకీ దట్టించనట్టే. ఆయన లెక్కలో మాత్రం కాదు, మూతిని ఎవరివైపూ తిప్పనివ్వలేదు.

ఉన్నది ఒక్కటే గుండు. మళ్లీ దట్టించేలోపు జింక కొండ దాటేస్తుంది. గాయంతో పారిపోతే రక్తపు చుక్కలు వెతుక్కుంటూ పోవాలి. అందుకే అరవై అడుగులు దాటితే ఆయన తుపాకీ ఎత్తరు. మధ్యాహ్నం మూడు తెల్లతోక జింకలు అంతకన్నా దగ్గరికే వచ్చాయి. టక్! గిన్నెలో భగ్గుమంది, గొట్టం పేలలేదు. జింకలు మాయం. నేను కదలబోతే చెయ్యి అడ్డం పెట్టారు. ఒక్కోసారి లోపలి మందు ఆలస్యంగా అంటుకుంటుందట. మూతి నేలవాలుకు పెట్టి నిమిషానికి పైగా అలాగే నిలబడ్డాం. తర్వాత రంధ్రాన్ని సూదితో కెలికితే తడి మసి బయటికొచ్చింది.

ఇంటికొచ్చాక తుపాకీ వెచ్చటి గదిలోకి పోలేదు. చలిలోంచి తెచ్చిన ఇనుముకు లోపలా బయటా చెమ్మ పడుతుంది. కొట్టంలోనే ముందు మందును నీళ్లతో తడిపారు. కర్ర చివర మర బిగించి, సీసంలోకి తిప్పి గుండు బయటికి లాగారు. ఆ తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్లతో గుడ్డ తెల్లగా వచ్చేదాకా తోమారు. ఉదయం గురి చూసుకోవడానికి ఒకసారి పేల్చి ఉన్నారు కదా, కుళ్లిన కోడిగుడ్ల వాసన! గంధకం మహిమ. ఆ మసి గాల్లో తేమను పీల్చుకుంటుంది, వదిలేస్తే ఒక్క రాత్రిలో తుప్పు మొదలవుతుంది. బాగా ఆరబెట్టి నూనె రాశారు. మళ్లీ దట్టించే ముందు ఆ నూనె తుడవాలి, లేకపోతే మందు పాడవుతుంది.

1700ల్లో లాంకస్టర్ ప్రాంతంలో జర్మన్ కమ్మరులు ఈ పొడుగు రైఫిళ్లు చేసేవారు. ఆసక్తి ఉన్నవాళ్లు నజరెత్ దగ్గర జాకబ్స్‌బర్గ్‌లోని లాంగ్‌రైఫిల్ మ్యూజియం చూడొచ్చు. మేం వెళ్లింది ఆ మర్నాడు. బయల్దేరే ముందు పెద్దాయన కొట్టంలోకి వెళ్లి గొట్టంలోకి మరో పొడి గుడ్డ దింపి, తుప్పు మరక ఉందేమోనని వెలుగులో చూశారు. గుడ్డ తెల్లగానే ఉంది.