మేనల్లుడు తెచ్చిన ఆరు సీసాలు

మద్యపానాన్ని గురించి మాట్లాడడానికి మన హొసూరు, కృష్ణగిరి వారికి కొంచెం ఎక్కువ హక్కే ఉన్నదని మా అభిప్రాయం. మద్రాసు రాజధానిలో మొట్టమొదట నిషేధం అమలుపరచినది సేలం జిల్లాలో, 1937 అక్టోబరు 1వ తేదీన. మన రెండు ఊళ్ళూ అప్పుడు ఆ జిల్లాలోనివే. అమలుపరచిన రాజాజీగారు పుట్టినది మన హొసూరు ప్రక్కనున్న తొరపల్లిలో. పోయిన రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను వచ్చినది. బిల్లులు సరిచూచుకుని బ్రతికే గుమాస్తాలం గనుక ఈ సంగతి మేము మరువలేము. తరువాతి కథ పాఠకులకు తెలిసినదే. 1948లో రాష్ట్రమంతటా నిషేధం, 1971లో సడలింపు, 1974లో మళ్ళీ బిగింపు, 1981లో మళ్ళీ సడలింపు, 1983లో టాస్మాక్ సంస్థ, 2003 నుంచి చిల్లర దుకాణాలు కూడా దాని చేతిలోనే.

ఇటువంటి గడ్డమీద, అందులోనూ మా అక్కయ్య ఉన్న ఊళ్ళో, మా ఇంటికి ఆరు సీసాల బెల్జియం బీరు వచ్చినది.

మా బావగారు తాగుడు మూలంగానే పోయారు. అంతకు ముందే అక్కయ్య గొలుసు, గాజులు, రెండెకరాల రాగి చేను ఆ దారినే పోయాయి. నాటినుంచి ఆమె ఇంట్లో గాజుసీసా అన్నది కనబడదు. నువ్వులనూనె అయినా సరే, డబ్బాలోనే. ఒక్కగానొక్క కొడుకును పదిళ్ళకు ఇడ్లీపిండి రుబ్బి చదివించినది. వాడు బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. 1425లో పెట్టిన చదువులబడి అది. పరిశోధన దేనిమీద అంటారా? పులియబెట్టే ఈస్టు మీద!

విమాన ప్రయాణీకుడు రెండు లీటర్లవరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చును. 330 మిల్లీలీటర్లవి అయిదు, 250ది ఒకటి, వెరసి 1,900. లెక్క సరిపోయినది. కాని వాడు వాటిని తల్లి గడప దాటించలేదు. తిన్నగా మా ఇంట్లో దింపాడు.

"మామా, నేను చేసే పని ఏమిటో అమ్మకు చూపించాలి. నేను పిలిస్తే రాదు. మీరు పిలిస్తే వస్తుంది" అన్నాడు.

మేమిద్దరం రెండురోజులు తర్జనభర్జన పడ్డాము. "తెలిసి తెలిసి వదినకు ఆ వాసన చూపించడమా?" అని మా ఇంటి ఆవిడ. "కొడుకు చదువేమిటో తల్లికి తెలియకుండా దాచడం మాత్రం న్యాయమా?" అని మేము. చివరకు ఆదివారం మధ్యాహ్నానికి కబురు పంపాము.

అక్కయ్య వచ్చి బల్లకు దూరంగా, గుమ్మం దగ్గర కూర్చున్నది. మేము వేయించిన చెనిక్కాయలు పెట్టుకుని చిన్న గ్లాసులు కడిగాము. అక్కడ ఒక్కొక్క బీరుకు ఒక్కొక్క తీరు గ్లాసు ఉంటుందట. మా ఇంట్లో అన్నిటికీ కాఫీ గ్లాసులే.

మొదటిది హోగార్డెన్. బియ్యం కడిగిన నీళ్ళలాగ మసకగా ఉన్నది. గోధుమతో చేస్తారు. ఆ ఊళ్ళో ఈ తీరు బీరు చేసేవారే లేకుండా పోతే, పియేర్ సెలిస్ అనే పాలవాడు 1966లో మళ్ళీ మొదలుపెట్టాడట. మూత తీయగానే గుమ్మం దగ్గరనుంచి అక్కయ్య, "ఏమప్పా, ధనియాలు వాసన వస్తూన్నదే!" అన్నది. నిజమే. అందులో ధనియాలు, నారింజతొక్క వేస్తారు. మేనల్లుడి మొహం వెలిగినది.

రెండవది ఓర్వాల్. చీటీమీద నోట ఉంగరం కరచుకున్న చేప బొమ్మ. మెటిల్డా అనే దొరసాని ఊటలో జారవిడిచిన ఉంగరాన్ని చేప తెచ్చి ఇచ్చిందని కథ. మన శకుంతల ఉంగరం అంత దూరం ఎలా పోయిందో అని నవ్వుకున్నాము. రుచి మాత్రం కాకరకాయను తలపించినది. దీన్ని చేసేది ట్రాపిస్టు సన్న్యాసుల మఠంలో. తమ చేతి కష్టం మీదనే బ్రతకాలని వారి నియమం. మఠం ఖర్చు పోను మిగిలినది దానధర్మాలకు.

మూడవది, చిన్న సీసా, క్రీక్. దానిమ్మరసంలాగ ఎర్రగా, పుల్లగా ఉన్నది. బ్రస్సెల్సు పరిసరాలలో చలికాలం రాత్రి వెడల్పాటి తొట్లలో కాచిన రసం ఆరబోస్తే, గాలిలోని ఈస్టే వచ్చి దిగి పులియబెడుతుంది. తరువాత పీపాలలో పుల్లచెర్రీపండ్లు వేసి ఊరబెడతారు. ఎవరూ తోడు వేయకుండా తనంతట పులవడం మన ఈతకల్లుకు కొత్త కాదు. ఆ దేశపు బీరు సంస్కృతిని 2016లో యునెస్కో వారసత్వపు పట్టీలో చేర్చారు. మన రాష్ట్రంలో కల్లుకు 1987 నుంచి నిషేధం. ఏది ఒప్పో తేల్చడం మావంటివారి పని కాదు గాని, ఆలోచించవలసిన సంగతే.

మిగిలినవి షిమే, రోష్‌ఫోర్, వెస్ట్‌మాలె. మూడూ సన్న్యాసుల మఠాలవే, ఘాటైనవే. వెస్ట్‌మాలె ట్రిపెల్‌లో ఆల్కహాలు నూటికి 9.5, మామూలు బీరుకు దాదాపు రెట్టింపు. అక్కడా ఒక నిషేధం ఉండేదట. 1919లో వాండర్‌వెల్డె అనే మంత్రి దుకాణాలలో సారాయిలు పోయకూడదని చట్టం తెచ్చాడు. అది 1983వరకు నిలిచినది. సారాయి దొరకనివారికోసం బీరు ఘాటెక్కినది.

ఇంతసేపూ విన్న అక్కయ్య అడిగినది: "ఆ సన్న్యాసులు ఇది తాగి పడిపోరా?"

"వాళ్ళు మామూలుగా తాగేది పలచనిదమ్మా. ఇది అమ్మకానికి."

"అంటే ఘాటైనది ఊరివాళ్ళకా?"

మేనల్లుడు జవాబు చెప్పలేదు. మేమూ గ్లాసు క్రింద పెట్టాము. కొంతసేపటికి వాడే అన్నాడు: "తాగి ఇల్లు పోగొట్టుకునేవాళ్ళు అక్కడా ఉన్నారమ్మా. ఎంత కొంచెమైనా క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖవారు 2023లో చెప్పారు. నీ దగ్గర దాచను."

ఆ మాటకు అక్కయ్య మెత్తబడినది. "పిండి పొంగడం నేనూ రోజూ చూస్తాను. నీ చదువు నువ్వు చదువుకో. నా ఇంట్లో సీసా మాత్రం వద్దు. రేపు పెళ్ళయ్యాక ఆ పిల్లను అడుగు. ఆమె వద్దంటే నీ ఇంట్లోనూ వద్దు" అన్నది. వాడు తల ఊపాడు. తెరవని మూడు సీసాలనూ బెంగుళూరులోని స్నేహితుడికి ఇచ్చి వచ్చాడు.

మన సంఘపు కుటుంబాలలో పిల్లలు దేశాలు దాటి వెడుతున్నారు. వచ్చేటప్పుడు ఏవో సీసాలు పెట్టెలో ఉంటాయి. మేడమీద గది తలుపు వేసుకుని తాగేకంటె, తెచ్చినదాన్ని ఇంటి ఆడవారి ఎదుట బల్లమీద పెట్టి, అదేమిటో చెప్పి, వారు అడిగినదానికి నిజం చెప్పడం మేలు. ఆపైన ఇంట్లో ఉండాలో వద్దో చెప్పవలసినది, ఆ ఇంటి ఉప్పు పప్పుల లెక్క చూచుకునేవారు. మా ఇంట్లో ఆ నిర్ణయం మా ఆవిడకే విడిచిపెట్టాము. ఆమె ఇంకా ఆలోచిస్తున్నది.